కెప్టెన్ చేతికి కప్పు: బరంపురం ట్రోఫీ ప్యాకేజీ మీద మా లెక్క

ఒడిశాలోని బరంపురం పాత బస్టాండు వైపు ట్రోఫీలు, షీల్డులు అమ్మే ఒక దుకాణం ఈమధ్య కప్పు అమ్మి ఊరుకోవడం లేదు. బహుమతి ప్రదానం మొత్తాన్ని గుత్తకు తీసుకుంటోంది. విన్నర్, రన్నరప్ ట్రోఫీలు, ముప్పై మెడల్స్, సన్‌బోర్డు మీద పెద్ద చెక్కు, పదహారడుగుల స్టేజీ, వెనక ఫ్లెక్స్, కాగితాలు చిమ్మే బ్లాస్టర్లు రెండు, మైకు పట్టుకునే అనౌన్సరు, అన్నీ కలిపి దాదాపు 30 వేలు. ఇటు ఇచ్ఛాపురం, అటు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా మనిషిని పంపుతారు. టెన్నిస్ బాల్ క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ పెట్టే మన తెలుగు కమిటీలకు బాగా పనికొచ్చే సేవ. అందుకే ముక్కముక్కగా విప్పి చూసి రాస్తున్నాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. కప్పులు బాగున్నాయి. స్టేజీ పర్వాలేదు. తెలుగు అక్షరాలకు పాస్ మార్కులు కూడా రావు. అసలు పని, అంటే కప్పును గెలిచినవాళ్ల చేతిలో పెట్టే ఆ రెండు నిమిషాలు, మీరు దగ్గరుండి చెప్పి చేయించుకుంటేనే కుదురుతుంది. దుకాణానికి వెళ్ళిన ప్రతివాళ్లూ కప్పు ఎన్ని అడుగులని అడుగుతారు. దాన్ని ఎవరు, ఎవరికి, ఏ క్షణాన ఇస్తారో అడిగేవాళ్లు తక్కువ. పెద్ద లీగులు ఎక్కువ శ్రద్ధ పెట్టేది మాత్రం ఆ ప్రశ్న మీదే.

ఎవరి చేతికి ముందు ఇవ్వాలన్న దాంట్లో లీగులన్నిటిదీ ఒకే దారి కాదు. అమెరికా ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కమిషనర్ ట్రోఫీని ముందు జట్టు యజమానికి ఇస్తాడు. బాస్కెట్‌బాల్ ఎన్‌బీఏలోనూ అంతే. ఐస్ హాకీ ఎన్‌హెచ్‌ఎల్‌లో స్టాన్లీ కప్పు నేరుగా కెప్టెన్ చేతికి వెళ్తుంది. అతను దాన్ని తలమీదికెత్తి మంచు మీద ఒక చుట్టు తిరిగి, తరువాత ఎవరికివ్వాలో తనే ఎంచుకుంటాడు. మన ఐపీఎల్‌లోనూ కెప్టెన్‌కే. 2023 ఫైనల్ తరువాత ధోనీ ఒక్కడే వెళ్లి కప్పు అందుకోకుండా అంబటి రాయుడిని, జడేజాను పక్కకు పిలిచాడు. ఆఖరి మ్యాచ్ ఆడేసిన రాయుడి చేతులు ఆ కప్పు మీద పడ్డాయి. తెలుగువాళ్లకు ఆ దృశ్యం గుర్తుండిపోయింది. అలాంటి చోటు ఉండాలంటే కెప్టెన్‌కూ కప్పుకూ మధ్య ఇంకెవరూ నిలబడకూడదు.

మన దగ్గర కుదరనిది సరిగ్గా అదే. డబ్బు పెట్టిన దాత, కార్పొరేటరు, కమిటీ పెద్దలు, వాళ్ల పిల్లలు, అందరూ స్టేజీ మీదే ఉంటారు. ఫోటోలో కప్పు చుట్టూ పన్నెండు చేతులు, వాటి వెనకెక్కడో కెప్టెన్ నుదురు. ఇది పల్లెటూరి తప్పేమీ కాదు. 2022 డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ తరువాత కోల్‌కతాలో ఫోటో కోసం ముఖ్య అతిథి ఒకరు కెప్టెన్ సునీల్ ఛేత్రిని చేత్తో పక్కకు జరిపిన వీడియోను దేశమంతా చూసింది. ప్యాకేజీలో వచ్చే అనౌన్సరు కూడా అతిథులను ‘ఇంకొంచెం ముందుకు రండి సార్’ అని పిలుస్తూనే ఉంటాడు. అతనికి ముందే కాగితం మీద రాసివ్వండి. అతిథులకు రన్నరప్ బహుమతి, మ్యాన్ ఆఫ్ ది సిరీస్, చెక్కు, ఈ మూడింటి దగ్గర ఫోటోలు. విన్నర్ కప్పు ఒక్క పెద్దమనిషి చేతి మీదుగా కెప్టెన్‌కు. ఆ వెంటనే అతిథులంతా కుడివైపు మెట్ల మీదుగా దిగిపోవాలి. ‘పెద్దలు దయచేసి ముందు వరుసలో కూర్చుని పిల్లల సంబరం చూడవలసిందిగా కోరుతున్నాం’ అన్న వాక్యాన్ని తెలుగులోనూ ఒడియాలోనూ రాసిపెడితే ఎవరి మనసూ నొచ్చుకోదు. దాత ముందు తనకే ఇవ్వాలని పట్టుబట్టితే అమెరికా పద్ధతి పాటించండి. ఆయన కప్పు అందుకుని ఒక్క ఫోటో దిగి కెప్టెన్‌కిస్తాడు. ఇద్దరూ కలిసి కప్పుకు చెరో చెవీ (పిడి) పట్టుకుని ఎత్తడం మాత్రం వద్దు. కప్పు ఒరిగిపోతుంది.

వరుస ఇలా ఉంటే సాఫీగా సాగుతుంది: ముందు అంపైర్లు, స్కోరర్లు, తరువాత వ్యక్తిగత బహుమతులు, తరువాత ఓడిన జట్టు మెడల్స్, రన్నరప్ ట్రోఫీ, తరువాత గెలిచిన జట్టు మెడల్స్ ఒక్కొక్కరికి, చివరగా కెప్టెన్. ఓడినవాళ్లను చివరిదాకా నిలబెట్టడం మంచిది కాదు. 2022 అల్టిమేట్ ఖోఖో తొలి సీజన్ ఫైనల్లో ఒడిశా జగ్గర్‌నాట్స్ 46-45తో తెలుగు యోధాస్‌ను ఓడించింది. ఒక్క పాయింటు. సరిహద్దులో ఉన్న మనకు ఆ రాత్రి ఎటు చూసినా సగం సంతోషం, సగం బాధ. అలా ఓడిన జట్టును పక్కవాళ్ల సంబరం ముగిసేదాకా మెడల్స్ లేకుండా కూర్చోబెట్టి చూడండి, మరుసటేడు ఆ జట్టు మీ టోర్నమెంటుకు రాదు.

ఇక కప్పు సంగతి. దుకాణంలో మూడు రకాలున్నాయి. మొదటిది ప్లాస్టిక్ మీద బంగారు రంగు పూత పూసినది, అందరూ ఫైబర్ కప్పు అనేది. రెండోది అల్యూమినియం లేదా పలచటి ఇనుప రేకును తిప్పి చేసి మెరుగు పెట్టినది. మూడోది ఇత్తడితో పోతపోసినది. మూడడుగుల ఫైబర్ కప్పు దూరానికి దర్జాగా కనిపిస్తుంది, బరువు రెండు మూడు కిలోలు దాటదు. రెండడుగుల ఇత్తడిది దానికి రెండింతలకు పైగా తూగుతుంది, ధర మూడింతలు. ఎత్తును చూసి మోసపోకండి. యూరప్ ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తు 73.5 సెంటీమీటర్లు, బరువు 7.5 కిలోలు. ఎన్‌ఎఫ్‌ఎల్ లొంబార్డి ట్రోఫీ 22 అంగుళాలే, బరువు మూడు కిలోల పైచిలుకు. స్టాన్లీ కప్పు దాదాపు 89 సెంటీమీటర్లు, పదిహేనున్నర కిలోలు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ కప్పు దిమ్మతో కలిపి 25 కిలోలు. ఆరడుగుల కప్పును ఏ పెద్ద లీగూ ఇవ్వదు. ఒక మనిషి రెండు చేతులా తలపైకి ఎత్తగలిగి, ఎత్తినప్పుడు ముఖం కనిపించే కప్పే మంచి కప్పు. మన టోర్నమెంట్లకు రెండు నుంచి రెండున్నర అడుగులు, నాలుగైదు కిలోలు సరైన కొలత. దుకాణంవాళ్లు మాత్రం నాలుగడుగులదే ముందు చూపిస్తారు.

కొనేముందు కప్పును తిరగేసి అడుగు చూడండి. చెక్క దిమ్మ మధ్యలో గుంట, గుంటలో ఒక వాషరు, దాని మీద నట్టు. పై మూత దగ్గర మొదలైన మరచుట్ల కమ్మీ ఒకటి కప్పు, మెడ, స్తంభాలు, దిమ్మ అన్నిటినీ గుచ్చుకుంటూ దిగి ఆ నట్టు దగ్గర ఆగుతుంది. అంటే మొత్తం ట్రోఫీని పట్టి ఉంచేది ఆ ఒక్క నట్టే. బరంపురం నుంచి పర్లాకిమిడో రాయగడో చేరేలోగా ఆటో వెనక సీట్లో అది అదిరి అదిరి ఒక చుట్టు వదులవుతుంది. స్టేజీ మీద కెప్టెన్ పైకెత్తగానే కప్పు ఒకవైపు, దిమ్మ ఇంకోవైపు తిరిగి, ముందుండాల్సిన పేరు పలక వెనక్కి పోతుంది. ఇంకొంచెం వదులైతే దిమ్మ ఊడి కింద పడుతుంది. ఈ దుకాణం రెండడుగులు దాటిన వాటికి మందపు కమ్మీ వేస్తోంది, 13 నంబరు పానా పట్టే నట్టు. అది నిజంగా మెచ్చుకోదగ్గ పని. స్ప్రింగు వాషరు మాత్రం వేయడం లేదు. అడిగితే వేస్తారు, లేదా ఒక నట్టు మీద ఇంకో నట్టు బిగిస్తారు. నట్టు బిగించాక మరచుట్ల మీద ఒక చుక్క గోళ్ల రంగు వేసినా అదిరి ఊడిపోదు. 13 నంబరు పానా ఒకటి కమిటీ సంచిలో ఉండాలి. ఫైనల్ రోజు ఆఖరి ఓవర్లు జరుగుతుండగా ఎవరో ఒకరు కప్పును తిరగేసి నట్టు బిగించి రావాలి.

రెండో బలహీనత చెవులు. ఇత్తడి కప్పుకు చెవులు అతికి ఉంటాయి, పట్టుకుని ఎత్తవచ్చు. ఫైబర్ కప్పు చెవులు చిన్న మరలతో బిగించిన అలంకారం మాత్రమే. వాటిని పట్టుకుని ఎత్తితే దిమ్మ బరువంతా ఆ రెండు చిన్న మరల మీద పడి పూత దగ్గరే పగులుతుంది. కెప్టెన్‌కు కప్పు ఇచ్చేవాళ్లే చెవిలో చెప్పాలి: ‘బాబూ, ఒక చెయ్యి మెడ దగ్గర, ఒక చెయ్యి దిమ్మ కింద.’ మూత ఉన్న కప్పయితే మూతను లోపల జిగురుతో అతికించమనండి. లేకపోతే పైకెత్తి ఊపగానే అదొచ్చి పక్కవాడి నెత్తిన పడుతుంది. ప్రీమియర్ లీగ్ కప్పు మీది బంగారు కిరీటం కూడా ఊడి వచ్చేదే. ఆటగాళ్లు దాన్ని తలమీద పెట్టుకుని ఫోటోలు దిగుతారు. మన మూతకు అంత అందం ఉండదు, మొన మాత్రం ఉంటుంది.

గెలిచాక కప్పులో కూల్‌డ్రింకు పోసి తాగడం మన కుర్రాళ్లకు అలవాటైంది. కమ్మీ దూరిన రంధ్రం గుండా అది కారి ఎండీఎఫ్ (అదిమిన చెక్కపొడి) దిమ్మలోకి దిగితే వారంలో దిమ్మ ఉబ్బి, పైన అంటించిన రేకు లేస్తుంది. అడుగున రంధ్రం చుట్టూ సిలికాన్ పెట్టమని అడగండి, పది నిమిషాల పని. తుడవడానికి మెత్తని పొడిబట్ట చాలు. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి తోమే పొడి ఏదీ తాకించకండి. ఇంట్లో బిందె తళతళలాడుతుంది గానీ ట్రోఫీ మీది పూత పోయి లోపలి తెల్ల లోహం బయటపడుతుంది. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఉప్పు గాలి ఉన్నచోట ఇత్తడి కప్పు మీద లాకరు (పారదర్శక వార్నిషు) పూత తప్పనిసరి, లేకపోతే వానాకాలం గడిచేసరికి పచ్చగా చిలుము పడుతుంది. స్టేజీ మీదకు తెచ్చేవాళ్లకు తెల్ల చేతితొడుగులు (గ్లవ్స్) ఇవ్వండి. స్టాన్లీ కప్పు వెంట తిరిగే సంరక్షకులు అలాగే తెస్తారు. చూడ్డానికి బాగుంటుందని మాత్రమే కాదు, చెమట వేలిముద్రలు ఫ్లాష్ వెలుగులో మరకల్లా కనిపిస్తాయి.

ఎంత జాగ్రత్త పడ్డా దెబ్బ తగిలే అవకాశం ఉంటుంది. 2022లో కొలరాడో జట్టు ఆటగాడొకరు స్టాన్లీ కప్పుతో జట్టు ఫోటోకు వస్తూ మంచు మీద పడిపోయాడు. చేతికొచ్చిన కాసేపటికే కప్పు అడుగు సొట్టపడింది. 2011లో రియల్ మాడ్రిడ్ జట్టు ఊరేగింపులో స్పెయిన్ కింగ్స్ కప్ బస్సు పైనుంచి జారి అదే బస్సు చక్రాల కింద పడింది. మన దగ్గర ట్రాక్టరు ట్రాలీ, ముందు డీజే. ట్రాలీ మీద కప్పు పట్టుకునేవాడు కూర్చునే ఉండాలి.

పేరు పలక దగ్గర ఈ దుకాణం బాగా నిరాశపరిచింది. ఒడియా, ఇంగ్లిషు అక్షరాలు లేజర్ మీద చక్కగా వస్తాయి. తెలుగు వచ్చేసరికి ఒత్తులు విడిపోతాయి. వాళ్ల కంప్యూటర్లో ఒడియా ఫాంట్లకు లోటు లేదు. మన డీటీపీ సెంటర్లలో ఉండే అనూ ఫాంట్లు లేవు. వాట్సాప్‌లో పంపిన తెలుగును డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ‘ద్వితీయ’లోని వ ఒత్తు ద కింద ఉండాల్సింది పక్కన నిలబడుతుంది. ‘స్మారక’ అనేది ‘స్‌మారక’ అవుతుంది. ‘శ్రీ’ రెండు ముక్కలవుతుంది. ఆపరేటర్‌కు తెలుగు చదవడం రాదు కాబట్టి తప్పు అతనికి కనపడదు, ఇందులో అతన్ని అనాల్సిందేమీ లేదు. చేయాల్సింది మీరే. పలక మీద రావాల్సిన మాటలను ఇచ్ఛాపురంలోనో పలాసలోనో తెలుగు డీటీపీ తెలిసినవాళ్ల దగ్గర కొట్టించి, అక్షరాలను గీతలుగా, వాళ్ల భాషలో కర్వ్స్‌గా మార్చి, ఆ ఫైలు పంపండి. అప్పుడు ఫాంటు అవసరమే ఉండదు, ఏ మిషను మీదైనా అలాగే వస్తుంది. అక్షరం ఎత్తు ఐదు మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఒత్తులు పూడుకుపోతాయి, తెలుగుకు ఇంగ్లిషు కంటే ఒక సైజు పెద్దది పెట్టాలి. ‘కీర్తిశేషులు’ అన్న మాట, పేరు, వరుస, ఊరు, అన్నీ ఒకే పలకలో కుక్కకండి. స్మారక ట్రోఫీ అంటే ఒక కుటుంబం తమ మనిషి పేరును ఊరికి అప్పగించడం. ఆ పేరులో ఒత్తు తప్పితే ఆ ఇంటివాళ్ల మనసెంత కష్టపడుతుందో మన ఊళ్లలో తెలియనిది కాదు.

అక్షరదోషాలు పెద్ద కప్పులనూ వదల్లేదు. స్టాన్లీ కప్పు మీద పేర్లను ఒక్కొక్క అక్షరపు అచ్చు పెట్టి సుత్తితో కొడతారు. 1972 బోస్టన్ జట్టు పేరులో ఓ బదులు క్యూ పడింది, అదీ రెండుసార్లు. 1981లో న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు పేరులో ఒక ఎస్ ఎగిరిపోయింది. లోహం మీద పడ్డ అక్షరాన్ని చెరపడం తేలిక కాదు. ఫోన్లో వచ్చిన ప్రూఫు ఫోటో చూసి సరే అనేయకుండా కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీయించి, ఇద్దరు మనుషులు వేరువేరుగా చదివాకే లేజర్ కింద పెట్టనివ్వండి.

గెలిచిన జట్టు పేరు ముందే చెక్కడం కుదరదు. లొంబార్డి ట్రోఫీ ఆట రోజు జట్ల పేర్లు లేకుండానే ఇస్తారు. తరువాత అది తయారుచేసిన టిఫనీ కంపెనీకి తిరిగి వెళ్లి జట్ల పేర్లు, తేదీ, స్కోరు చెక్కించుకుని వస్తుంది. మన దుకాణం మాత్రం రెండు జట్ల పేర్లతో రెండు స్టిక్కర్లు ఇచ్చి, గెలిచినదాన్ని స్టేజీ వెనక అంటించమంటుంది. పనికొచ్చే ఉపాయమే. కానీ మంచు పడే రాత్రి చల్లటి లోహం మీద స్టిక్కరు నిలవదు. ముందు పొడిబట్టతో తుడిచి, అంటించాక అరచేత్తో అరనిమిషం అదిమి ఉంచండి. ఓడిన జట్టు స్టిక్కరును అక్కడే చించి జేబులో పెట్టుకోండి, ఎవరి ఫోనులోనూ పడనివ్వకండి. ఫలితం తేలకముందే తప్పు పేరుతో ఫోటో బయటికొస్తే ఫిక్సింగ్ అంటారు. ఫ్లెక్స్ మీద, ముందు పెట్టే బోర్డు మీద జట్టు పేరు వేయకుండా ‘ఛాంపియన్స్’ అని ఒక్క మాట వేయిస్తే ఈ బెడద సగం తీరుతుంది.

అసలు కప్పు ఎటు వెళ్లాలో తెలియని చిక్కు కూడా ఒకటుంది. లీగు పద్ధతిలో పాయింట్ల మీద తేలే టోర్నమెంట్లలో చివరి రోజు రెండు మైదానాల్లో రెండు జట్లకూ అవకాశం ఉండొచ్చు. 2019లో ప్రీమియర్ లీగ్ అసలు కప్పు ఒక మైదానానికి, అచ్చం అలాంటిదే ఇంకోటి రెండో మైదానానికి పంపి సిద్ధంగా ఉంచింది. మనకు రెండో కప్పు అక్కర్లేదు. ఆఖరి రెండు మ్యాచ్‌లూ ఒకే మైదానంలో వేసుకుంటే సరి. అన్నట్టు, 2024-25 సీజన్‌లో మన ఫుట్‌బాల్ లీగు ఐఎస్‌ఎల్ పాయింట్లలో మొదటి స్థానానికి ఒక షీల్డు ఇచ్చింది, నాకౌట్ గెలిచినవాళ్లకు కప్పు. మన దగ్గర షీల్డంటే ప్రతి మాస్టారి గోడ మీదా వేలాడే చెక్క పలక. దాన్ని ఇలా లీగు మొదటి స్థానానికి ఇస్తే ఆ పలకకూ గౌరవం పెరుగుతుంది.

స్టేజీ పదహారు అడుగుల పొడవు, ఎనిమిది వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు. ఇనుప ఫ్రేము మీద ప్లైవుడ్. కొలత చాలు, కాళ్ల సంగతే చూసుకోవాలి. పదిహేను మంది ఆటగాళ్లంటే వెయ్యి కిలోల పైమాట. వాళ్లు నిలబడరు, గెంతుతారు, అందరూ ఒకేసారి గెంతుతారు. నాలుగడుగులకొక కాలు ఉండాలి, ప్రతి కాలి కింద చెక్క ముక్క ఉండాలి. ప్యాకేజీ మనుషులు మట్టి మీద నేరుగా నిలబెట్టేస్తారు. మెత్తటి నేలలో కాలు దిగబడి స్టేజీ ఒక మూల వంగుతుంది. ప్లైవుడ్ పలకల మధ్య సందు వేలు దూరేంత ఉంటే స్పైకు బూట్లు అందులో ఇరుక్కుంటాయి. పైన కార్పెట్ పరిచి అంచులు టేపుతో అంటించమనండి.

బ్లాస్టర్లు మాకు నచ్చాయి, వాటిని వాడే తీరు నచ్చలేదు. ఆపరేటరు అనౌన్సరు ‘ఛాంపియన్స్’ అనగానే మీట నొక్కేస్తాడు. అప్పటికి కెప్టెన్ ఇంకా అతిథికి నమస్కారం పెడుతూ ఉంటాడు. కాగితాలన్నీ నేలపాలయ్యాక కప్పు లేస్తుంది. లీగుల్లో చూడండి, కెప్టెన్ కప్పు అందుకుని జట్టు మధ్యకు నడిచి వస్తాడు. అందరూ వంగుతారు, వేళ్లు ఆడిస్తూ ‘ఓ…’ అని గొంతు పెంచుతారు, కప్పు మోకాళ్ల దాకా దిగి ఒక్కసారిగా పైకి లేస్తుంది. కప్పు భుజాలు దాటిన క్షణాన మీట నొక్కాలి. అంటే ఆపరేటరు మైకు వినకూడదు, కప్పును చూడాలి. అతన్ని స్టేజీ వెనక కాకుండా ఫోటోగ్రాఫర్ పక్కన నిలబెడితే సగం పని అయినట్టే.

బ్లాస్టర్లను స్టేజీ రెండు మూలలా కాస్త వెనగ్గా, మూతి పైకి వాల్చి పెట్టాలి. ముందు పెడితే కాగితాలు ముఖాలను కప్పేస్తాయి. గాలి కూడా చూసుకోవాలి. బరంపురం, గోపాల్‌పూర్ వైపు సాయంత్రం గాలి సముద్రం నుంచి వీస్తుంది, బాగా రాత్రయ్యాక నేల మీద నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. ఐదు గంటలకు సరిచేసి పెట్టిన మూతి రాత్రి పదకొండుకు తప్పుతుంది. మెరుపు రేకు ముక్కలు వద్దు, పలచటి కాగితమే అడగండి. రేకు తీగల మీదా ఫోకస్ లైట్ల కనెక్షన్ల మీదా పడితే షార్ట్ అవుతుంది. కాగితం తడి తగిలితే ముద్దలు కడుతుంది, సంచి చివరిదాకా విప్పొద్దు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో రెండు జట్ల రంగుల కాగితాలూ వేర్వేరు ఫిరంగుల్లో నింపి ఉంచుతారు, గెలిచినవాళ్లవే పేలుస్తారు. అదే పద్ధతిలో చెరో రంగు సంచి రెండు తీసుకుంటే ఖర్చు పెద్దగా పెరగదు. కప్పు చెవులకు కట్టే రిబ్బన్లూ అంతే. ప్రీమియర్ లీగ్ కప్పుకు గెలిచిన జట్టు రంగుల రిబ్బన్లే కడతారు. బట్టల కొట్లో అంగుళం వెడల్పు శాటిన్ రిబ్బను ప్రతి జట్టు రంగులో నాలుగేసి మీటర్లు కొనుక్కోండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత అందం తెచ్చేది మరొకటి లేదు.

మెడల్స్ బాగానే ఉన్నాయి, బరువైనవి. జట్టులో పదిహేను మందికని లెక్కవేసి ముప్పై ఇస్తున్నారు. కోచ్, స్కోరర్, నీళ్లు మోసిన పిల్లాడు లెక్కలోకి రావడం లేదు. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బుకు 40 మెడల్స్ ఇస్తుంది. మీరు నలభై చేయించుకోండి. చెక్కు బోర్డు ఫరవాలేదు, మొత్తం మాత్రం అక్షరాల్లో కూడా రాయించండి.

రన్నింగ్ కప్పు (ఏటా గెలిచినవాళ్లకు మారే కప్పు) పెట్టే కమిటీలకు ఒక మాట. డ్యూరాండ్ కప్‌లో గెలిచినవాళ్లకు మూడు ట్రోఫీలిస్తారు. డ్యూరాండ్ కప్, సిమ్లా ట్రోఫీ తిరిగిచ్చేయాలి, ప్రెసిడెంట్స్ కప్ వాళ్లదే. ఈ ఏర్పాటు మనకూ సరిపోతుంది. పెద్ద ఇత్తడి కప్పు తిరుగుతూ ఉంటుంది, దానితోపాటు చిన్నది ఒకటి శాశ్వతంగా ఇస్తారు. దుకాణం రన్నింగ్ కప్పుకు పది పలకల దిమ్మ చేసిస్తోంది, పని శుభ్రంగా ఉంది. పది నిండాక ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించుకోండి. స్టాన్లీ కప్పు దిమ్మకు ఐదు పట్టీలు, ఒక్కో పట్టీలో పదమూడు జట్ల పేర్లు. నిండితే పైన ఉన్న పాత పట్టీ తీసి మ్యూజియంలో పెట్టి, కింద కొత్తది చేరుస్తారు. మన దిమ్మకూ కింద ఇంకో మెట్టు చేర్చేలా కమ్మీ రెండంగుళాలు పొడవుగా ఉంచమనండి. కప్పు తీసుకెళ్లే కెప్టెన్ దగ్గర ఫోటోతో సహా సంతకం తీసుకోవడం, తిరిగిచ్చే తేదీ రాయించుకోవడం మరవకండి.

అతిథులకు శాలువా, మెమెంటో కూడా ప్యాకేజీలోనే. మెమెంటోలు ఎక్కడైనా దొరికే గాజు పలకలే. ఇది మాకు బాధనిపించింది. గంజాం జిల్లా బెళ్ళగుంఠలో ఒంపులు తిరిగే ఇత్తడి చేప చేస్తారు. పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చెక్కే పనివాళ్లున్నారు. బరంపురం పట్టుకు పేరుంది. అతిథికి బరంపురం పట్టు ఉత్తరీయం కప్పి, చేతిలో బెళ్ళగుంఠ చేప పెడితే ఆయన దాన్ని ఇంట్లో దాచుకుంటాడు. దుకాణం వీటిని తెప్పించి పెడితే ధర కొంత ఎక్కువైనా కమిటీలు తీసుకుంటాయి.

వానకు, చీకటికి ముందే సిద్ధపడండి. 2023 ఐపీఎల్ ఫైనల్ మే 28న జరగాల్సింది వాన వల్ల 29కి మారి, కప్పు చేతికొచ్చేసరికి 30 తెల్లవారుజాము అయింది. మన వైపు వేసవి సాయంత్రాల్లో గాలివాన చెప్పకుండా వస్తుంది. ప్యాకేజీలో స్టేజీకి పైకప్పు లేదు, విడిగా అడగాలి. జనరేటరూ లేదు, ఫోకస్ లైట్లకు మీరే పెట్టుకోవాలి. మనుషులు రాత్రి పన్నెండు వరకే ఉంటారు, ఆపైన గంటకింతని తీసుకుంటారు. ఆ రేటు ముందే రాయించుకోండి.

జనం విషయం చివర్లో చెబుతున్నామని చిన్నదనుకోకండి. 2025 జూన్ 4న బెంగళూరులో ఐపీఎల్ విజయోత్సవం దగ్గర తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. కప్పు కనబడగానే జనం ముందుకు తోసుకొస్తారు, పిల్లలు ముందు వరుసలో ఉంటారు. స్టేజీకి ముందు ఇరవై అడుగులు వెదురు కంచె, ఫోటోగ్రాఫర్లకు ఒక పక్క దారి, ఆటగాళ్లు దిగడానికి వెనక దారి ఉండాలి. ఇవేవీ ప్యాకేజీలో లేవు. అనౌన్సరు ‘అందరూ స్టేజీ దగ్గరకు రండి’ అని పిలవకూడదని అతని కాగితంలో మొదటి వాక్యంగా రాయండి. ఊరేగింపు పెట్టుకుంటే పోలీస్ స్టేషన్లో ముందుగా చెప్పి, దారి రాసిచ్చి, పగటిపూట పెట్టుకోండి.

ఆర్డరు కనీసం పన్నెండు రోజుల ముందు ఇవ్వాలి. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో మూడు వారాలు పట్టొచ్చు. అడ్వాన్సు సగం. మిగతా సగం స్టేజీ ఎక్కించేముందు అడుగుతారు. మీరు మాత్రం కప్పును తిరగేసి నట్టు చూసి, పలక మీది అక్షరాలు ఇద్దరితో చదివించి, ప్లైవుడ్ మీద నలుగురిని గెంతించి చూశాక ఇవ్వండి. పానా మీ దగ్గరే ఉంటుందిగా.